దేశానికి మార్కులు సరే, ఆ లెక్కలో మనం ఉన్నామా?



ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక గొడవ మొదలవుతుంది. "ప్రజాస్వామ్యంలో భారత్‌కు ఇన్ని మార్కులు, ప్రపంచంలో ఇన్నో ర్యాంకు" అని ఎవరో ఒక ఫొటో పెడతారు. ఒక అన్న "చూశారా, దేశం ఎంత దిగజారిందో" అంటాడు. ఇంకో తమ్ముడు "మనకు మార్కులెయ్యడానికి ఆ విదేశీయులెవరు, ఇదంతా కుట్ర" అంటాడు. రెండ్రోజులు తిట్టుకుంటారు. మూడో రోజు అందరూ మర్చిపోతారు. ఆ మార్కులు ఎవరు వేశారు, ఏం చూసి వేశారు, అందులో మన గూడెం ఎక్కడుంది అని మాత్రం ఎవరూ అడగరు.

ఈసారి మనం అడుగుదాం.

ఏజెన్సీలో పుట్టినవాళ్లకు తూకం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మా నానమ్మ వయసులో ఉన్నప్పుడు చింతపండు మూట నెత్తిన పెట్టుకుని సంతకు నడిచి వెళ్లేది. ఇంటి దగ్గర మోయలేనంత బరువున్న మూట షావుకారి తక్కెడలో పడగానే తేలికైపోయేది. అట్లాగని మన పెద్దలు తూకమే వద్దనలేదు. తూకం రాయి చూపించమన్నారు. పక్క దుకాణంలో ఇంకోసారి తూయించుకున్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పుట్టింది కూడా షావుకార్ల దోపిడీ నుంచి అటవీ ఉత్పత్తులు అమ్ముకునేవాళ్లను కాపాడటానికే. తూకం మీద అనుమానం వస్తే రాళ్లు పరీక్షించాలి, వీలైతే మన తక్కెడ మనం పెట్టుకోవాలి. దేశాల ప్రజాస్వామ్యాన్ని తూచే తక్కెడల గురించి కూడా నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

ముందు ఆ తక్కెడలు ఎట్లా పనిచేస్తాయో చూద్దాం. వార్తల్లో ఎక్కువగా వినిపించేవి మూడు.

మొదటిది ఫ్రీడమ్ హౌస్. 1941లో అమెరికాలో పెట్టిన సంస్థ. 1970ల మొదటి నుంచి ఏటా దేశాల స్వేచ్ఛ మీద నివేదిక ఇస్తోంది. మొత్తం 100 మార్కులు. అందులో 40 రాజకీయ హక్కులకు: ఎన్నికలు సరిగా జరుగుతున్నాయా, ప్రతిపక్షానికి గెలిచే అవకాశం ఉందా, ప్రభుత్వంలో అవినీతి ఎంత, ఇట్లాంటివి. మిగతా 60 పౌర స్వేచ్ఛలకు: మాట్లాడే హక్కు, పత్రికలు, సభలు, సంఘాలు, కోర్టులు, ఆస్తి హక్కు. మొత్తం 25 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. వచ్చిన మొత్తాన్ని బట్టి దేశాన్ని "స్వేచ్ఛ ఉన్న దేశం", "పాక్షిక స్వేచ్ఛ ఉన్న దేశం", "స్వేచ్ఛ లేని దేశం" అని మూడు గంపల్లో వేస్తారు.

రెండోది వీ-డెమ్. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడుస్తుంది. 1789 నుంచి ఇప్పటిదాకా దేశాల పాలన మీద లెక్కలు కట్టింది. ప్రపంచమంతటా వేల మంది నిపుణులు దీనికి ప్రశ్నపత్రాలు నింపుతారు. ఒక్కో ప్రశ్నకు పలువురు నిపుణులు విడివిడిగా జవాబిస్తారు. చెయ్యి బిగించి మార్కులేసేవాళ్లు, ధారాళంగా వేసేవాళ్లు ఇద్దరూ ఉంటారు కాబట్టి ఆ తేడాను గణితంతో సరిచేస్తారు.

మూడోది లండన్‌లోని ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్. 2006లో మొదలుపెట్టింది. 60 ప్రశ్నలు, ఐదు విభాగాలు, పదికి మార్కులు. దేశాలను పూర్తి ప్రజాస్వామ్యం, లోపాలున్న ప్రజాస్వామ్యం, మిశ్రమ పాలన, నిరంకుశ పాలన అని నాలుగు రకాలు చేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. జ్వరం చూసే థర్మామీటర్‌లాంటివి కావు ఇవి. ఎక్కడో ఒక మనిషి కూర్చుని, వార్తలు, నివేదికలు చదివి, "దీనికి రెండా, మూడా" అని ఆలోచించి వేసే మార్కులే ఎక్కువ. చదువుకున్న మనిషి కావచ్చు, నిజాయితీపరుడు కావచ్చు. అయినా అది ఒక అభిప్రాయమే. అందుకే ఒకే దేశానికి మూడు తక్కెడల్లో మూడు పేర్లు వస్తాయి. 2021లో వెలువడిన నివేదికలే చూడండి. మన దేశాన్ని ఫ్రీడమ్ హౌస్ "పాక్షిక స్వేచ్ఛ" గంపలో వేసింది. వీ-డెమ్ "ఎన్నికల నిరంకుశత్వం" అంది, అంటే ఎన్నికలు జరుగుతాయి కానీ మిగతా ప్రజాస్వామ్యం సన్నగిల్లింది అని. ఎకనామిస్ట్ వాళ్లేమో "లోపాలున్న ప్రజాస్వామ్యం" అన్నారు.

ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం ఫ్రీడమ్ హౌస్ నివేదికను తప్పుదోవ పట్టించేదని ఖండించింది. 2022లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలికి చెందినవాళ్లు ఒక పత్రం రాస్తూ, కొద్దిమంది పేరు తెలియని నిపుణుల అభిప్రాయాల మీద ఈ సూచీలు నడుస్తున్నాయని విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేదని నేననను. ఫ్రీడమ్ హౌస్‌కు చాలాకాలం అమెరికా ప్రభుత్వం నుంచే ఎక్కువ నిధులు వచ్చిన మాటా నిజమే. కానీ అదే సంస్థ అమెరికాకు వేసిన మార్కులను 2010 నుంచి 2020కి 94 నుంచి 83కి దించింది. ఎకనామిస్ట్ వాళ్లు 2016 సూచీలో అమెరికాను కూడా లోపాలున్న ప్రజాస్వామ్యాల్లోకి నెట్టారు. కాబట్టి "కుట్ర" అనే ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయలేం.

పైగా ఆ మార్కులు ఎక్కడ తగ్గాయో చూస్తే మన సంగతి బయటపడుతుంది. ఫ్రీడమ్ హౌస్ లెక్కలో భారత్‌కు 2020 నివేదికలో 71, 2021 నివేదికలో 67. రాజకీయ హక్కుల మార్కులు రెండేళ్లూ ఒకటే, 40కి 34. తగ్గిందంతా పౌర స్వేచ్ఛల్లో, 37 నుంచి 33కి. అంటే వాళ్ల లెక్క ప్రకారం ఓటు పెట్టె అట్లాగే ఉంది, ఓటుకూ ఓటుకూ మధ్య ఐదేళ్లు నోరు తెరిచే జాగా తగ్గింది. 2025 నివేదిక నాటికి మొత్తం మార్కులు 63కి వచ్చాయి.

"ఆ నాలుగు మార్కులు తగ్గితే మన గూడేనికేంటి?" అంటారా? మనం ఇప్పటిదాకా గెలిచినవి ఏ దారిలో గెలిచామో గుర్తుచేసుకోండి.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ కేసు మన విశాఖ ఏజెన్సీ నుంచే వెళ్లింది. అది ఎన్నికల్లో గెలిచింది కాదు. సంఘం పెట్టుకునే హక్కు, కోర్టు గడప ఎక్కే హక్కు, ప్రభుత్వానికి ఎదురు తీర్పు చెప్పగల కోర్టు, ఈ మూడూ ఉండబట్టి గెలిచాం. ఆ మూడూ ఫ్రీడమ్ హౌస్ ప్రశ్నపత్రంలో పౌర స్వేచ్ఛల 60 మార్కుల్లోనే ఉన్నాయి. మనకు సొంత పత్రికలు లేవు, టీవీలు లేవు, డబ్బు లేదు. ఉన్నవల్లా సభ, సంఘం, కోర్టు, రోడ్డు మీద కూర్చునే హక్కు. అవి సన్నగిల్లితే మైదానంలో పెద్దమనిషికి చెమట పడుతుందేమో గానీ మనకు ఊపిరి ఆగుతుంది.

ఫాదర్ స్టాన్ స్వామి పేరు మీరు వినే ఉంటారు. ఝార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల గురించి పనిచేసిన ముసలాయన. 2020 అక్టోబరులో ఆయన్నే ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణుకుతుంటే నీళ్లు తాగడానికి స్ట్రా ఉన్న గ్లాసు కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. బెయిలు రాకుండానే 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో చనిపోయాడు. పౌర స్వేచ్ఛల మార్కు తగ్గడమంటే కాగితం మీద అంకె మారడం ఒక్కటే అనుకునేవాళ్లకు ఈ ఒక్క మనిషి కథ చాలు.

అందుకే ఆ "కుట్ర" అనే తమ్ముడికి నా మాట: తక్కెడను విసిరికొట్టకు. అది చూపించే బరువులో మన బతుకు కూడా ఉంది.

ఇప్పుడు ఆ ర్యాంకును దేవుడి వాక్కులా పంచే అన్నతో మాట్లాడాలి. అన్నా, ఆ తక్కెడకు ఒక పెద్ద చిల్లు ఉంది. అది సగటు లెక్క.

ఒక ఊహా లెక్క చేద్దాం. వంద ఇళ్ల ఊరు. 92 ఇళ్లకు స్వేచ్ఛలో 80 మార్కులు. మిగతా 8 ఇళ్లకు ఐదే మార్కులు. సగటు తీస్తే ఆ ఊరికి 74 వస్తాయి. బాగానే ఉంది కదా! 74 చూసినవాడికి ఆ ఎనిమిది ఇళ్లు కనిపిస్తాయా? 2011 జనగణన ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ తెగల వాటా 8.6 శాతం, పది కోట్లకు పైగా జనం. దేశాల సూచీలు ఇట్లా ఇళ్లు లెక్కపెట్టి సగటు తీయవు నిజమే. కానీ దేశం మొత్తానికి ఒకే అంకె ఇచ్చినప్పుడు జరిగేది ఇదే. ఫ్రీడమ్ హౌస్ 25 ప్రశ్నల్లో వివిధ వర్గాల సమానత్వం గురించి సూటిగా అడిగేవి రెండు: వాళ్లకు పూర్తి రాజకీయ హక్కులు ఉన్నాయా అని ఒకటి, చట్టాలూ పాలనా వాళ్లను సమానంగా చూస్తున్నాయా అని ఇంకొకటి. ఆడవాళ్లు, దళితులు, ముస్లింలు, ఆదివాసులు, అందరి గోడూ ఆ ఎనిమిది మార్కుల్లోనే సర్దుకోవాలి.

చరిత్రలో ఈ చిల్లు ఎంత పెద్దదో చూపిస్తాను. పరిశోధకులు ఎక్కువగా వాడిన ఇంకో కొలత ఉంది, పేరు పోలిటీ. మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా మార్కులు. పాలకుణ్ని ఎట్లా ఎన్నుకుంటారు, పోటీ ఉందా, పాలకుడి చేతులు కట్టే వ్యవస్థలు ఉన్నాయా, ఇవి చూస్తుంది. జనంలో ఎంతమందికి ఓటు ఉందో చూడదు.

ఫలితమేంటి? స్విట్జర్లాండ్‌కు 1848 నుంచీ పూర్తి పది మార్కులు. ఆ దేశంలో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. అమెరికాకు 1870ల నుంచి 1960ల నడిమి దాకా పూర్తి పది మార్కులు. ఆ కాలంలోనే దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లను ఓటు దగ్గరికి రానివ్వలేదు. ఆ నేల అసలు యజమానులైన ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిందే 1924లో. పౌరసత్వం ఇచ్చాక కూడా అరిజోనా రాష్ట్రం "మీరు ఇంకొకరి సంరక్షణలో ఉన్నవాళ్లు" అనే సాకుతో రిజర్వేషన్లలో ఉండేవాళ్లకు 1948 దాకా ఓటు ఇవ్వలేదు. నల్లజాతి వాళ్ల ఓటును కాపాడే చట్టం 1965లో వచ్చింది. పోలిటీ లెక్కలో అమెరికా మార్కు 1967లో పది నుంచి ఎనిమిదికి తగ్గింది, దేశంలో అల్లర్లు, చీలికలు పెరిగాయని. జనాన్ని బయట నిలబెట్టినన్నాళ్లూ పది, వాళ్లు లోపలికొచ్చి గొంతెత్తాక ఎనిమిది.

ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుంది. 1901 నాటి రాజ్యాంగంలో 127వ సెక్షన్ అని ఒకటి ఉండేది. దేశ జనాభా లెక్కించేటప్పుడు అక్కడి ఆదివాసులను, అంటే అబొరిజినల్ ప్రజలను, లెక్కలోకి తీసుకోకూడదని అందులో రాశారు. అక్షరాలా అంతే. గొర్రెలను లెక్కపెట్టే దేశంలో మనుషులను లెక్కపెట్టొద్దన్నారు. కేంద్ర ఎన్నికల్లో వాళ్లకు ఓటు 1962లో వచ్చింది. ఆ సెక్షన్‌ను 1967 రిఫరెండంలో తీసేశారు, 90 శాతం మందికి పైగా అవునన్నారు. పోలిటీ మాత్రం ఆస్ట్రేలియాకు 1901 నుంచే పది మార్కులు వేసింది.

ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. పోలిటీలో ఈ లోపాన్ని పరిశోధకులే ఎత్తిచూపారు. తర్వాత వచ్చిన వీ-డెమ్ ఎంతమందికి ఓటుందో చూస్తుంది. అధికారం అన్ని సామాజిక వర్గాలకూ పంచబడిందా, పౌర స్వేచ్ఛలు కొన్ని ప్రాంతాల్లో తక్కువగా ఉన్నాయా అని కూడా అడుగుతుంది. అంటే తక్కెడలు మారతాయి. ఎవరో ఒకరు "మమ్మల్నెందుకు తూచలేదు" అని అడిగితేనే మారతాయి.

ఇప్పుడు ఈనాటి ఫస్ట్ ర్యాంకు దగ్గరికి పోదాం. ఎకనామిస్ట్ సూచీలో 2010 నుంచి వరసగా మొదటి స్థానం నార్వేది. పదికి 9.8 దాకా మార్కులు. అంతకంటే పైకి పోవడానికి జాగా లేదు. ఆ దేశపు ఆదివాసులు సామీలు. రెయిన్‌డీర్ జింకల మందలు మేపే సంప్రదాయం ఉన్న జాతి. వాళ్లకు 1989 నుంచి సొంత సామీ పార్లమెంటు కూడా ఉంది. ప్రభుత్వానికి సలహా చెప్పగలదు, చాలా విషయాల్లో ఆపే అధికారం లేదు.

నార్వే నడిమి భాగంలో ఫోసెన్ అనే చోట సామీల జింకలు చలికాలం మేసే కొండల మీద 151 గాలిమరలు పెట్టారు. కరెంటు కోసం, అదీ కాలుష్యం లేని కరెంటు కోసం. సామీలు కోర్టుకు పోయారు. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలతో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ఆ అనుమతులు చెల్లవు, సామీల సంస్కృతి హక్కును ఉల్లంఘించాయి. గెలిచారు కదా, ఇక మరలు ఆగుతాయనుకుంటాం. ఆగలేదు. తిరుగుతూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 23 నాటికి తీర్పు వచ్చి 500 రోజులు. ఆ రోజు సామీ యువత, మన వయసు పిల్లలు, సంప్రదాయ దుస్తులు వేసుకుని ఓస్లోలో ఇంధన మంత్రిత్వ శాఖ భవనంలో బైఠాయించారు. గ్రెటా థన్‌బర్గ్ కూడా వచ్చి వాళ్లతో కూర్చుంది. పోలీసులు ఎత్తి బయటపడేశారు. వాళ్లు పోయి ఇంకో శాఖ తలుపు దగ్గర కూర్చున్నారు. మార్చి 2న ప్రభుత్వం సామీలకు క్షమాపణ చెప్పింది. తర్వాత పరిహారం మీద, అదనపు మేత భూమి మీద ఒప్పందాలు కుదిరాయి. గాలిమరలు మాత్రం ఆ కొండల మీదే ఉన్నాయి.

ఈ కథను రెండు కళ్లతో చూడాలి. ఒక కంటితో చూస్తే 9.8 మార్కులకు విలువ ఉంది. అక్కడ కోర్టు ప్రభుత్వానికి ఎదురు తీర్పు ఇచ్చింది. పిల్లలు మంత్రి ఆఫీసులో కూర్చుంటే దేశద్రోహులని ఏళ్ల తరబడి జైల్లో పెట్టలేదు. ప్రభుత్వం తలవంచి తప్పు ఒప్పుకుంది. మన దగ్గర అది ఊహించగలమా? ఇంకో కంటితో చూస్తే, ప్రపంచంలో మొదటి ర్యాంకు దేశంలో కూడా ఆదివాసి "వద్దు" అంటే ఆగలేదు. చివరికి సుప్రీంకోర్టు "చెల్లదు" అన్నా ఆగలేదు. ఈ సూచీలన్నీ ముఖ్యంగా తూచేది నీకు మాట్లాడే హక్కుందా అని. నువ్వు "వద్దు" అంటే ఆ మాటకు విలువుందా అని తూచే రాయి వాటిలో దాదాపు లేదు. మనకు ప్రజాస్వామ్యమంటే ఆ రెండోదే.

మన దేశంలో ఆ "వద్దు"కు విలువ దొరికిన సందర్భం ఒకటి ఉంది. ఒడిశాలో నియమగిరి. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అనేది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. 12కు 12 ఊళ్లూ వద్దన్నాయి. డోంగ్రియా కోంద్ ఆడవాళ్లు, ముసలివాళ్లు జడ్జి ముందు నిలబడి తమ భాషలో చెప్పారు. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఓటింగ్ యంత్రం లేదు, పార్టీ గుర్తు లేదు. ఆ ఏడాది ఈ దేశంలో అంతకంటే గట్టి ప్రజాస్వామ్యం ఎక్కడ జరిగిందో చెప్పండి! దేశం ర్యాంకు మీద దాని ప్రభావం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇక మా ఊరి సంగతి. నేను డిగ్రీ రెండో ఏడాదిలో సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక పని మీద గ్రామసభ తీర్మానాల రిజిస్టర్ చూడాల్సి వచ్చింది. అందులో ఒక తీర్మానం, "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని. కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు. వాటిలో మా నానమ్మది ఒకటి. సభ తేదీ చూస్తే అది సంత రోజు. ఆ రోజు ఊళ్లో సగం మంది ఉండరు. ఇంటికొచ్చి అడిగాను. "బియ్యం కోసం అన్నరు బిడ్డా, సాయంత్రం ఇంటింటికీ బుక్కు తెచ్చిన్రు, వేలు వేసిన" అంది. సంతలో తూకం రాయి చూపించమని షావుకారితో కొట్లాడిన మనిషి ఆమె. కాగితం దగ్గరికి వచ్చేసరికి అడగలేకపోయింది. ఎందుకంటే ఆ కాగితం ఆమెకు రాని భాషలో ఉంది, ఆమె చదవలేని అక్షరాల్లో ఉంది.

నాకు ఆ రోజు అర్థమైంది. దేశం మార్కుల్లో మా ఊరి ఓటు లెక్కకొచ్చింది. ఎన్నికల్లో పోలింగ్ బాగానే జరిగింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో మనకు ఏడు ఎస్టీ సీట్లు, తెలంగాణలో పన్నెండు, లోక్‌సభలో 47. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ మా నానమ్మ "అవును" అన్నదో "వద్దు" అన్నదో ఏ సూచీకీ తెలియదు. ఆమెకే తెలియకుండా ఆమె అవునన్నట్టు రాసేశారు.

అందుకే మన తక్కెడ మనం పెట్టుకోవాలి. దీనికి స్వీడన్ పోనక్కర్లేదు, పీహెచ్‌డీ అక్కర్లేదు. చట్టమే మనకు కొన్ని తూకం రాళ్లు ఇచ్చింది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలి. అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇవి అంకెలు. లెక్కపెట్టొచ్చు. ప్రతి సభకూ మీ ఊళ్లో ఒక నోట్‌బుక్ పెట్టి ఈ ఆరు ప్రశ్నలకు జవాబు రాయండి:

ఒకటి. సభ గురించి ఎన్ని రోజుల ముందు చాటింపు వేశారు? సంత రోజునో, పండగ రోజునో, పనులు ముమ్మరంగా ఉన్న రోజునో పెట్టారా?

రెండు. ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు? అందులో ఆడవాళ్లు ఎంతమంది? తలలు లెక్కపెట్టండి, సంతకాలు కాదు.

మూడు. విషయాన్ని మన భాషలో, కోయలోనో గోండిలోనో కువిలోనో సవరలోనో, చెప్పారా? తీర్మానం రాశాక అందరికీ చదివి వినిపించారా?

నాలుగు. ఎవరైనా "వద్దు" అన్నారా? అంటే దాన్ని రిజిస్టర్‌లో రాశారా?

ఐదు. "వద్దు" అన్న మనిషికి తర్వాత ఏమైంది? కేసు పెట్టారా, పింఛన్ ఆపారా, బెదిరించారా?

ఆరు. సభ "వద్దు" అన్న పని ఆగిందా?

ఒక్కోదానికి ఫ్రీడమ్ హౌస్ వాళ్లలాగే సున్నా నుంచి నాలుగు మార్కులు వేయండి. మొత్తం 24. ఎట్లా వేశారో పక్కనే కారణం రాయండి. మనం ఇంకొకరిని రాళ్లు చూపించమన్నాం కాబట్టి మన రాళ్లు కూడా అందరికీ కనిపించాలి. ఒకరే వేయొద్దు. ఒక ఆడమనిషి, ఒక పెద్దమనిషి, ఒక చదువుకున్న పిల్లో పిల్లాడో, ముగ్గురు విడివిడిగా వేసి పోల్చి చూడండి. మన నాయకుడు సర్పంచ్‌గా ఉన్న ఊళ్లో కూడా ఇదే కొలత. మనవాడని ఒక మార్కు ఎక్కువ వేసిన రోజు మన తక్కెడ కూడా షావుకారి తక్కెడే అవుతుంది.

పక్క పంచాయతీతో పోల్చండి. పోయినేడాదితో ఈ ఏడాది పోల్చండి. ఒక మండలంలో ఇరవై ఊళ్ల నోట్‌బుక్కులు ఉంటే ఐటీడీఏ ముందుకు ఉత్త చేతులతో కాకుండా లెక్కతో పోతాం. ఆ లెక్క కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుంది, పత్రిక వాళ్లకు వార్త అవుతుంది. రేపు దేశానికి మార్కులేసే నిపుణుడికి కూడా "మా ఏజెన్సీ సంగతి ఇదీ" అని ముందు పెట్టగలం. ఆస్ట్రేలియాలో లెక్కలోంచి తీసేసిన జనం లెక్కలోకి వచ్చారు. ఎవరో జాలిపడి ఇవ్వలేదు, ఏళ్ల తరబడి తిరిగి అడిగి తెచ్చుకున్నారు.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ ర్యాంకులు వస్తాయి. మళ్లీ గ్రూపుల్లో గొడవ మొదలవుతుంది. అప్పుడు ఆ ఫొటో కింద తిట్టు పెట్టకండి, చప్పట్లూ పెట్టకండి. మీ ఊరి మార్కులు పెట్టండి, 24కి ఎన్ని వచ్చాయో. మా ఊరి మార్కులు నేను పెడతాను. ఆ ఏకగ్రీవ తీర్మానానికి నేను వేసినవి మూడు. వచ్చేసారి సభలో మా నానమ్మ పక్కన కూర్చుని, వేలు వేసే ముందు ప్రతి అక్షరం ఆమెకు మా భాషలో చదివి వినిపిస్తాను. ఆమె అవునంటుందో వద్దంటుందో ఆమె ఇష్టం. ఆ మాట రిజిస్టర్‌లో పడే దాకా మాత్రం నేను అక్కడి నుంచి లేవను.

మావ నాటే మావ రాజ్!
జై ఆదివాసీ!